తువ్వాలు అడ్డు

“తువ్వాలు కాదు మావా, అత్త సెయ్యి పట్టుకోవాలి,” అంది కోడలు రేఖ.

ఆమె రేపు బడిలో పిల్లలకి చూపించాల్సిన బజరు డబ్బా బల్ల మీదుంది. దాని ఒక తీగ కొసన రేఖ వేలు, ఇంకో తీగ కొసన మోటార్ల మెకానిక్కు నరసింగరావు వేలు. ఇద్దర్నీ కలపాల్సింది మధ్యలో రేఖ చెయ్యి పట్టుకు నిలబడ్డ దేముడమ్మ. ఆయనేమో ఆమె చేతికి తువ్వాలు అందించి దాని రెండో కొస పట్టుకున్నాడు.

“బేటరీలో ఓల్టేజీ ఉన్నాది గానీ, తువ్వాల్లోంచి కరెంటు పారదు మావా.”

“ముప్పై ఏళ్లుగా మోటార్లు బాగుసేస్తన్నాను. నాకు సెప్తావేటి?” అని గొణిగి, గోడకేసి చూస్తూ భార్య చెయ్యి పట్టుకున్నాడాయన.

బజరు కుయ్యిమంది. పెళ్లిపీటల తర్వాత ఇంకొకరి ముందు ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం ఇదే మొదటిసారి. కితకితలు పెట్టినట్టు దేముడమ్మకి నవ్వు ఆగలేదు.

“అర్థమైందా మావా?” అంటూ రేఖ వేలు తీసేసింది. మోత ఆగిపోయింది.

నరసింగరావు భార్య చెయ్యి వదలకుండా రెండో చేత్తో తల గోక్కున్నాడు.

“అర్థమవలేదమ్మా. ఇంకోపాలి మోగించు.”