రెండో చరణం

అంతర్జాతీయ పాటల పోటీకి అమెరికా తరఫున ఎవరు వెళ్లాలో ఆ ఆదివారం టీవీలో తేలబోతోంది. చివరి ఆరుగురిలో కెజియా ఉంది. ఆమె అక్క సలోమి నేపర్‌విల్‌లో తన ఇంటినిండా చర్చివాళ్లను కూర్చోబెట్టి, తాను మాత్రం వంటింట్లో బజ్జీలు వేస్తోంది.

ఈ ఆరుగురిని ఎంచిన సెలక్షన్‌కి అక్కాచెల్లెళ్లిద్దరూ వెళ్లారు. ఒకే పాట పాడారు. చెల్లెలు నెగ్గింది. అప్పటినుంచీ సలోమికి అన్నం సయించడం లేదు. స్టేజ్ మీద చెల్లెలు ఒక్క మాట మరిచిపోతే చాలు, అని లోలోపల కోరుకుంటూనే ఉంది.

"సలోమీ, రావమ్మా! టీవీలో మన పిల్ల వచ్చింది!" పాస్టరమ్మగారు కేకేశారు.

సలోమి హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కెజియా మొదటి చరణం హాయిగా పాడింది. రెండో చరణానికి నోరు తెరిచి, ఆగిపోయింది. వాయిద్యాలు సాగుతున్నాయి, మాట రావడం లేదు.

సలోమి కోరుకున్నది అదే. కానీ తనకు తెలియకుండానే ఆ చరణం అందుకుంది. టీవీలోకి వినపడాలన్నట్టు గొంతెత్తి పాడింది. హాల్లో అందరూ ఆమెవైపు తిరిగారు.

కెజియాకి ఆఖరి స్థానం వచ్చింది. కాసేపటికి ఫోన్ చేసింది.

"అక్కా, స్టేజ్ మీద నువ్వే గుర్తొచ్చావే."

"నేనా?"

"సెలక్షన్‌లో ఆ చరణం నువ్వెంత బాగా పాడావో! నాకలా రాదని రోజూ కుళ్లుకున్నాను. ఇవాళా అదే తల్చుకున్నాను, మాట పోయింది."



"ఇంటికి రా, కెజీ," అంది సలోమి. "ఆ చరణంలో ఊపిరెలా పట్టాలో చెబుతాను."