ముల్లు మీటరు

"మోగేది వద్దప్పా. చూపించేది కావాల," అన్నాడు పెద్దాయన.

ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా రేడియో, మోటారు సామాన్లు అమ్మే గోవిందు అంగడి అది. ఎనభై నాలుగో సంవత్సరం, ఒక మంగళవారం మధ్యాహ్నం. కారులో కరెంటు ఎక్కడ తెగిపోయిందో ఇంట్లోనే కనిపెట్టుకునే సామాను కోసం పెద్దాయన ఆదోని నుంచి పనిగట్టుకుని వచ్చాడు. బల్ల మీద పరిచిన మూడు రకాలనూ అరగంటగా ఎగాదిగా చూస్తున్నాడు. చేతులు మాత్రం తువ్వాలు కింద నుంచి బయటికి తీయడం లేదు.

గోవిందుది సంత గొంతు. గుసగుసలాడినా బస్టాండులో కండక్టరు తిరిగి చూస్తాడు. పెద్దాయనకు ఆ గొంతు బాగా నచ్చింది.

"ఇది అన్నిటికంటే చవక సాబ్," అని గోవిందు మొదటిది తీసి రెండు తీగలూ కలిపాడు. "తీగ బాగుంటే జుయ్యిమంటాది. తెగింటే మూగదయితాది. చంటి పిల్లోడు గూడా కనిపెడతాడు."

"మోగేది వద్దంటి గదా."

"అయితే ఈ బల్బుది తీసుకోండి. కరెంటు ఉంటే వెలుగుతాది."

"ఉందా లేదా అంటాది. ఎంతుందో చెప్పదు గదప్పా."

ఇక మిగిలింది ముల్లు మీటరు. అరచేతిలో పట్టేంత డబ్బా, ముందు అద్దం, అద్దం వెనక సన్నటి ముల్లు. ధర కొంచెం కొరుకుతుంది గానీ, ఇంట్లో వాడుకునే మనిషికి అందని పండేమీ కాదు. పెద్దాయన మనసు దాని మీద పడింది.

ఆయన తొందర ఆయనది. ఇంటి దగ్గరున్న అంబాసిడర్ నాలుగు రోజులుగా రెండు ఫర్లాంగులు పోవడం, మొరాయించి కూర్చోవడం. గురువారం పొద్దున అది మంత్రాలయం బయలుదేరాలి. పోతుందని మాట ఇచ్చేశాడు. మాట పోతే ఆదోనిలో తలెత్తుకు తిరగలేడు.

"అయినా ఇదంతా ఎందుకు సాబ్? మీ ఊర్లోనే ఖాసిం సాబ్ ఉండాడు గదా!" అన్నాడు గోవిందు. "స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవుకు పెట్టుకున్నాడంటే అయిపాయ. జబ్బంతా ఇంజనే చెప్పుకుంటాదంట. మా మామ జీపు కౌతాళంలో దగ్గుతాంటే, ఖాసిం సాబ్ రోడ్డుకు ఆ పక్క టీ తాగుతా తాగుతానే ఫలానా నట్టు వదులైందని చెప్పినాడు!"

పెద్దాయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే సర్దుకున్నాడు.

"అవన్నీ పాత కథలప్పా. ఆయప్ప చెవులు పోయి ఆర్నెల్లాయ."

మీటరు పట్టుకున్న గోవిందు చెయ్యి బల్ల కిందికి పోయింది.

"ఎవరన్నారా మాట?"

"ఒకరు అనేదేంది, నాకు తెలుసు. స్క్రూడ్రైవరు చెవులో పెట్టుకుని, కండ్లు మూసుకుని, తలకాయ ఊపుతాండాడు. ఆడ వినబడేది ఏమీ లేదు. అంతా నాటకం."

అంగడి అదిరిపోయింది.

"సాబ్! పెద్దోళ్ళని మర్యాద ఇస్తాండా. ఖాసిం సాబ్‌ను నేను కండ్లతో చూసింది లేదు. అయినా ఆయన్ను నాటకాలోడు అన్నోళ్ళకు నా అంగట్లో సూది గూడా అమ్మను. పోయిరాండి!"

నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా? ఆదోనిలో కొంటే సాయంత్రానికల్లా ఊరంతా పొక్కుతుందని ఇంత దూరం వస్తే, ఇక్కడ నోరు జారి బేరం చెడింది. పెద్దాయనకు నిజంగానే భయం వేసింది. ఆ భయంలో కూడా గోవిందును గట్టిగా వాటేసుకోవాలనిపించింది.

"తప్పాయప్పా. ఏదో కడుపుమంటలో అంటి."

"నాతో చెప్తే ఏం లాభం? ఆయన ముఖం చూసి చెప్పాల."

"చెప్తా."

"కారు బాగైనా, కాకపోయినా?"

"బాగైనా, కాకపోయినా. ముఖంలో ముఖం పెట్టి అడుగుతా మాఫీ."

"మాట తప్పితే?"

"నా రెండు చెవులూ పోవాల!"

ఆ ఒట్టుతో గోవిందు మెత్తబడ్డాడు. మీటరు మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఎర్ర తీగ ఎక్కడ పెట్టాలి, నల్ల తీగ ఎక్కడ పెట్టాలి అని పాఠం మొదలైంది. పెద్దాయన గోవిందు పెదాల మీద నుంచి చూపు తిప్పకుండా, బడిలో బుద్ధిమంతుడిలా కూర్చుని అంతా విన్నాడు.

బుధవారం పొద్దున ఆదోనిలో, ఇంటి వెనక రేకుల షెడ్డుకు లోపల గడియ పెట్టి, అంబాసిడర్ బానెట్ ఎత్తాడు. ఒక్కో తీగకూ మీటరు తగిలించి చూశాడు. ఒక తీగ దగ్గర ముల్లు లేచింది. తీగను కదిపితే పడిపోయింది. మళ్ళీ కదిపితే లేచింది. పైన తొడుగు నిగనిగలాడుతోంది, లోపల తీగ మాత్రం తెగి ఊగిసలాడుతోంది. ఇన్నాళ్ళూ ఏడిపించిన దొంగ దొరికింది.

కొత్త తీగ వేసి, తాళం తిప్పి వచ్చి, మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించాడు. అరచేతి కింద రేకు సన్నగా, ఒకే తీరుగా వణికింది. పావుగంట అలాగే నిలబడ్డాడు. వణుకు ఎక్కడా తడబడలేదు. పెద్దాయనకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

ఇక ఒట్టు తీర్చుకోవాలి.

ఏళ్ళ తరబడి గ్రీజు ఇంకి నల్లబడిన చేతులతో తువ్వాలు అందుకుని ముఖం తుడుచుకుని, కారు పక్కనున్న అద్దం ముందు వంగి, అందులోని నెరిసిన గడ్డానికి సలాం చేసి, "మాఫ్ చెయ్యప్పా ఖాసిం సాబ్, నిన్న ఎమ్మిగనూర్లో నీ గుట్టంతా నేనే చెప్పేస్తి!" అన్నాడు.