చేప నోరు తడిస్తే

"మూటలు దించండి అల్లుడుగారూ. చేప నోరింకా తడవలేదు."

ఆటోలో ఒక కాలు పెట్టిన అల్లుడు అలాగే ఆగిపోయాడు. గుమ్మంలో చంటిదాన్ని ఎత్తుకుని నిలబడ్డ కూతురు తండ్రి వంకా మొగుడి వంకా మార్చి మార్చి చూసింది.

వీధి చివర రేవు. నిన్న సాయంత్రం వీళ్లు వచ్చేసరికే రేవు మెట్లన్నీ మునిగిపోయాయి. ఎర్రటి నీళ్లలో నల్లరాయి ఒక్కటే నిలబడి ఉంది. దాని మీద చెక్కిన చేప నీళ్లకి జానెడు పైన ఉంది.

ముసలాయన గైడు. గుట్ట మీది కోట, రేవు పక్కన పడవల సుంకం వసూలు చేసిన పాత కచేరీ, ఈ చేపరాయి. ఈ మూడూ చూపించే ఇల్లు గడిపాడు, పిల్ల పెళ్లి చేశాడు. కోట మెట్ల మీద జారి మోకాలు విరిగితే కట్టు విప్పేదాకా కూతురింట్లోనే ఉన్నాడు. ఆయన్ని దిగబెట్టి నాలుగు రోజులుండి పోదామని కూతురు వెంట వచ్చింది. నది పొంగుతోందని విని అల్లుడు ఈ పొద్దున ఆటో వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మామయ్యా, రేడియోలో కూడా చెబుతున్నారు."

"రేడియో మీ ఊళ్లో ఉంది. నది మా ఊళ్లో ఉంది."

"రాతి చేపని నమ్మి పసిపిల్లని ఇక్కడ ఉంచమంటారా?"

"మిమ్మల్ని నమ్మి పిల్లనివ్వలేదూ? ఆ చేప మీకంటే పాతది. ఒక్కసారీ మాట తప్పలేదు."

"నాన్నా!" అంది కూతురు.

ముసలాయన వినిపించుకోలేదు. చూడవచ్చినవాళ్లకి చెప్పే గొంతు ఎత్తుకున్నాడు. "చేప నోరు తడిస్తే మూటలు కట్టాలి. దాని మీద నడుమెత్తు నీళ్లొస్తేనే వీధి వెనక కాలువ వంతెన మునిగేది. ఆ రెంటికీ మధ్య ఒక పూట ఉంటుంది. ముసలీ ముతకా, గొడ్డూ గోదా, అందరూ ఆ ఒక్క వంతెనా దాటి కోట మీదికి చేరడానికి ఆ పూట చాలు. ఇది నేను కట్టిన కథ కాదు. వరదలు చూసినవాళ్లు రాతి మీద పెట్టిన గుర్తు. ఈ వీధిలో ఇంతవరకూ ఒక్క ప్రాణం నీళ్లపాలు కాలేదు."

"దొడ్లోకి నీళ్లొచ్చాయి నాన్నా."

"వాన నీళ్లు."

"ఎర్రగా ఉన్నాయి."

"వాన పడితే నేల పాలు కారుతుందా?"

ఆటోవాడికి ఓపిక పోయింది. "వస్తారా, రారా? నాకూ పెళ్లాం పిల్లలున్నారు." మూటలు అరుగు మీదికి గిరాటేసి, బండి తిప్పుకుని వంతెన వైపు పోయాడు. అల్లుడు ఆ వైపే చూస్తూ నిలబడ్డాడు. మామగారి మాట కాదంటే రేపు పెళ్లాం ముఖం ఎలా చూడాలా అన్నదే అతని బెంగ. మర్యాద అలాంటిది. మనిషి కాళ్లు కట్టేసి పరువంటుంది.

వీధిలో అందరి గుమ్మాల్లోనూ మూటలున్నాయి. అందరి కళ్లూ ముసలాయన మీదే ఉన్నాయి.

"ఏం బాబాయ్, కదలమంటావా?" ఎదురింటి తాపీమేస్త్రి కేకేశాడు.

"వండుకు తినండి."

అంతే. మూటలు లోపలికి పోయాయి. పొయ్యిలు వెలిగాయి. వాళ్ల బదులు భయపడే పని కూడా ఎప్పుడో ఈయనకే అప్పజెప్పేశారు.

అన్నాలు తిన్నాక మేస్త్రి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "మోకాలు ఎలా ఉంది బాబాయ్?"

"ఉంది, ఎందుకూ పనికిరాకుండా. ఆ చేప చూడబోతే నేలకి మూరెడెత్తున. వచ్చినవాడికల్లా వంగి చూపించాలి. ఇంక నావల్ల కాదురా."

మేస్త్రి ముసిముసిగా నవ్వాడు. "నీళ్లు తీయనీ. నీకోటి చూపిస్తాం."

లోపల చంటిది ఏడుపు మొదలెట్టింది. కూతురు జోకొడుతోంది. ముసలాయన రేవు వంక చూశాడు. ఒక అల వచ్చి చేప నోటిని నాకి పోయింది. ఇంకోటి వచ్చి అక్కడే నిలిచింది.

ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. ముఖం వెలిగిపోతోంది.

"తాగింది! చేప తాగింది! ఇప్పుడు కట్టండి మూటలు. అల్లుడుగారూ, చూశారా? అడిగితే ఎంత చక్కగా చెబుతుందో! తొందరేం లేదు, ఇంకా పూట టైముంది. పిల్లకి పాలు పట్టమనండి. నిదానంగా నడుచుకుంటూ వంతెన దాటిపోదాం."

అంటూనే రాయి వంక మళ్లీ చూశాడు. నీళ్లు రాయి దగ్గర చీలాలి. అలా చీలడం లేదు. రాయికి బారెడు ఇవతలే దేనికో గుద్దుకుని, నలుచదరంగా సుడి తిరుగుతున్నాయి. ఎన్ని వరదలు చూసినా అక్కడ ఆ సుడి ఎన్నడూ లేదు.

"ఒరేయ్ మేస్త్రీ," ఆయన కర్రెత్తి సుడి వైపు చూపించాడు. "ఆ రాయి కింద ఏముందిరా?"

దాచుకున్న సంగతి ముందే బయటపడిపోయిందని మేస్త్రి సిగ్గుపడ్డాడు.

"దిమ్మ, బాబాయ్. ఇక నువ్వు వంగక్కర్లేకుండా వీధంతా కలిసి కట్టించాం. చేపని సరిగ్గా నడుమెత్తు పైకి లేపాం."