చుక్కమ్మ రుచి చూసిన ఆకు

వంగతోటలో మందు కొట్టినప్పుడల్లా పెంకు పురుగుల గుంపులో ముందుగా ఆకు కొరికేది ముసలి చుక్కమ్మే. పొద్దున్నే కొరికి ఎండెక్కేదాకా ఆగేది. తన కాళ్లు వణకకపోతేనే పిల్లలు ఆకు ముట్టాలి. ఆ కట్టుబాటు వల్లే గుంపు మూడు మందులు దాటి బతికింది.

ఈసారి మందుకు వాసన లేదు. చుక్కమ్మ కొరికి ఆగింది. పక్కాకు మీద సాలీడు, పూల మీద తేనెటీగ హాయిగా తిరుగుతున్నాయి.

"ఎంతసేపే అమ్మమ్మా? మేం ఒరుగులయ్యాక చెప్తావా?" అంది మనవరాలు బొట్టి.

ఎండెక్కింది. కాళ్లు వణకలేదు. "ఉత్త నీళ్లేనే, తినండి" అంది చుక్కమ్మ.

నాలుగో రోజుకి ఆకుల్లో కంతలు పెరగడం ఆగిపోయింది. బొట్టి ఆకు అంచున ముడుచుకుని పడుంది.

"తినవేమే?"

"ఆకలి లేదమ్మమ్మా."

చుక్కమ్మ పాక్కుంటూ సాలీడు దగ్గరికి వెళ్లింది. "నీకేం కాలేదేం అబ్బాయీ?"

"రైతు చెప్తుంటే విన్నానవ్వా. ఈ మందు మీ ఒంటి భాషలోనే రాసిన ఉత్తరమట. బతకడానికి కావలసిన ఒక పనిని ఆపేయమని అందులో ఉంటుందట. మా ఒంటికి ఆ భాష రాదు. మీ ఒళ్లు మాట వింటుంది, కాకపోతే మెల్లగా, కొన్ని రోజులకి. తోటంతా కొట్టేశారు."

చుక్కమ్మ తన కాళ్లు చూసుకుంది. అవి ఇప్పటికీ వణకడం లేదు.

వెనక్కి వచ్చేసరికి, ఆ పొద్దునే గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఆకు ముట్టకుండా వరసగా కూర్చుని ఆమె కోసమే చూస్తున్నాయి.

"తినొచ్చా ముసలమ్మా?"

"ఆగండి" అంది చుక్కమ్మ.

"ఎందాకా?" అన్నాయి పిల్లలు.