పెరటి గది మనిషి

ఛాయ చేతిలోని క్యాన్ మూత జారి కింద పడింది.

కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న పక్క క్వార్టర్ అప్పయమ్మ తొంగి చూసింది. లోపల ఐసుముక్కల మధ్య మేక మెదళ్లు.

"వొండుకోడానికేటమ్మా?"

"కాదండీ. పనుంది." ఛాయ మూత బిగించి, దుర్గ్ బస్సు కోసం వడివడిగా వెళ్లిపోయింది.

మెదడుతో పనేమిటి? అప్పయమ్మ ఇంటికెళ్లి కోడలికి చెప్పింది.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ సెక్టర్ ఆరులో భుజంగరావు క్వార్టర్ పెరటి గదిలోకి అద్దెకి దిగింది ఛాయ. నలభై దాటినా ఒంటరి మనిషి. ఏ ఇంటి పేరంటానికీ వెళ్లదు. ఎవర్నీ గదిలోకి రానివ్వదు. దుర్గ్‌లో కాలేజీ ఉద్యోగం అంటుంది.

"కాలేజీలో కొయ్యడానికేమో అత్తా," అంది కోడలు సూర్యావతి.

"కప్పల్ని కోస్తారని ఇన్నాను గానీ రోజూ మెదళ్లేటి?"

ఆవు పాలు పోసే ఛత్తీస్‌గఢీ మనిషి గొంతు తగ్గించి చెప్పింది. "టోనహీ హే దాయీ."

టోనహీ అంటే చేతబడి చేసే ఆడదని అప్పయమ్మకి తెలుసు. విజయనగరం వైపు చిల్లంగిది అంటారు.

సూర్యావతి ఒళ్లో పురిటి పిల్ల ఉంది. తల్లికి పాలు చాలక ఆవు పాలు పడుతున్నారు. ఛాయ వస్తూ పోతూ ఆ పిల్లనే చూడటం అప్పయమ్మ కనిపెట్టింది.

ఒక పొద్దున్న వరండాలో ఎండకి పడుకోబెట్టిన పాప చెయ్యి ఉలిక్కిపడ్డట్టు అదిరింది. వాళ్ల గేటు ముందు నుంచి పోతున్న ఛాయ ఆగింది. లోపలికొచ్చి వంగి, పాప చెవి ముందు బుగ్గ మీద వేలితో మెల్లగా తట్టింది.

పాప మూతి ఒక పక్కకి గుంజుకుపోయింది.

"ఏటి సేసేవు నా మనవరాల్ని?" అప్పయమ్మ పిల్లని లాక్కుంది.

"ఇవాళే ఆస్పత్రిలో చూపించండి. ఒంట్లో కాల్షియం తగ్గినట్టుంది."

"అదేటి?"

"ఎముకల్లో ఉంటుంది. సున్నంలోనూ ఉంటుంది."

సున్నం అనగానే అప్పయమ్మ పిల్లని కొంగు చాటున దాచింది. చేతబళ్లలో వాడేది సున్నమే కదా.

ఆమె తిన్నగా భుజంగరావు దగ్గరికి వెళ్లింది. "బాబూ, పసిబిడ్డున్న ఇల్లు మాది. ఆయమ్మ ఉంటే మేం ఉండలేం."

ఇరుగుపొరుగు కూడా వంత పాడారు. ఆ సాయంత్రమే ఆయన గది ఖాళీ చెయ్యమన్నాడు. ఎందుకని ఛాయ అడగలేదు.

మర్నాడు ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టించి అప్పయమ్మ గేటు దగ్గర నిలబడింది.

"అప్పయమ్మగారూ, నా మీద కోపం నా మీదే ఉంచండి. పాపని మాత్రం చూపించండి."

అప్పయమ్మ తలుపేసేసింది.

ఎండెక్కేసరికి పాప కళ్లు తేలేసింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి.

"ఎల్తూ ఎల్తూ సేసి పోనాది," అని అప్పయమ్మ గుండెలు బాదుకుంది.

షిఫ్టు దిగి అప్పుడే వచ్చిన కొడుకు చిన్నారావు ఆమె మాట వినలేదు. పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కాడు. వెనకే అప్పయమ్మ కూడా ఎక్కింది.

ఆస్పత్రిలో డాక్టర్ గురునాథరావు పాపని చూస్తూనే అడిగాడు. "సెక్టర్ ఆరు నుంచేనా? ఆవు పాలు పడుతున్నారు కదూ?"

నర్సు అప్పటికే మందు సిద్ధం చేసి ఉంచింది. పాప గుండె మీద స్టెతస్కోపు ఆనించి, వింటూ, సూదిమందు చుక్కచుక్కగా ఎక్కించాడు.

కొట్టుకుంటున్న చేతులు నెమ్మదించాయి. పాప ఏడ్చింది. అప్పయమ్మ డాక్టర్ వైపు తిరిగింది.

"మేం సెప్పకుండా నీకెలా తెల్సింది బాబూ?"

"పొద్దున్న ఛాయ మేడం వచ్చారు. బుగ్గ తడితే పాప మూతి గుంజుకుందన్నారు, కాల్షియం తగ్గితే అలాగే అవుతుంది. తను చెబితే మీరు వినరని నాకు చెప్పారు. వార్డు చూసుకుని నేనే మీ ఇంటికి బయల్దేరబోతున్నాను."

"పాప మీకేమవుతుందని అడిగితే, మా పాపే అన్నారు," అంది నర్సు. "మీ బంధువులనుకున్నాను."

అప్పయమ్మ గుమ్మం వైపు చూసింది.

"ఎక్కడుంది బాబూ ఆయమ్మ?"

"ఊరొదిలి వెళ్లిపోతున్నానన్నారు. రైలు ఈపాటికి చరోదా స్టేషను దాటేసుంటుంది."

"మరా మేక మెదళ్లు?"

"కాల్షియం అందుకునే పదార్థం ఒకటి అందులో బాగా దొరుకుతుంది. దాన్ని విడదీసి చూస్తారు."

అప్పయమ్మ పాప బుగ్గ తడిమింది.

"అయితే ఆయమ్మ డాక్టరమ్మేటి?"

"డాక్టర్ కాదమ్మా," అన్నాడు గురునాథరావు, "ఇప్పుడు మీ పాపకి ఎక్కించిన కాల్షియం ఒంట్లో కణం కణానికీ ఏం కబురు చెబుతుందో ఇన్నేళ్లుగా వెతుకుతూ, మాబోటి డాక్టర్లు చదువుకునే పాఠాల్లోకెక్కిన సైంటిస్టు."