తూర్పు పిలక

తెల్లారేసరికి ఆకాశం మబ్బు పట్టింది కానీ చినుకు రాల్చలేదు. పెద్దవాడు కత్తి పట్టుకుని తమ్ముడి అరటితోటలో దిగాడు. నెల కిందట గట్టు తగాదాలో తమ్ముడు అన్న తోటంతా నరికేశాడు. అన్నీ గెల వేసిన చెట్లు. ఆనాటి నుంచి పెద్దవాడు తన తోట గట్టయినా తొక్కలేదు.

మొదటి చెట్టు ఒక్క వేటుకు ఒరిగింది.

“నరుకు నాయనా, నరుకు. దుంపలోంచి మళ్లీ పిలకలొస్తాయిలే,” అంది వెనక నుంచి మేనత్త, చేతిలో అన్నం క్యారేజీతో. “పిల్ల అన్న మాటలోంచే పిలక పుట్టిందనేవాడు మీ నాన్న. తల్లి ఒరిగితే పిల్ల లేస్తుందట.”

“ఆపు అత్తా నీ పురాణం. దుంపలతో సహా తవ్వి పారేస్తా. వాడి కడుపు మండాలి.”

“మండిద్దువుగాని. ముందు నీ తోట చూసొద్దాం రా.”

గట్టు దాటి అతను ఆగిపోయాడు. నరికిన ప్రతి మొదలు పక్కనా మోకాలెత్తు పిలక ఒక్కటే నిలిచి ఉంది. మిగతావి తీసేసి, మన్ను ఎగదోసి ఉంది. ఉంచినవన్నీ తూర్పు వైపువే. నాన్న అలాగే ఉంచేవాడు. ఆ పద్ధతి ఇద్దరు కొడుకులకే తెలుసు.

“ఎప్పుడు చేశాడు?”

“నువ్వు కత్తి నూరుకుంటున్నన్నాళ్లూ.”

“చేస్తే? నా గెలలు తిరిగొస్తాయా?”

“రావు. అది వాడికీ తెలుసు.”

తమ్ముడు గట్టు మీదికి వచ్చాడు. ఒరిగిన చెట్టును చూశాడు, అన్న చేతిలో కత్తిని చూశాడు. కత్తి కోసం చెయ్యి చాచాడు. పెద్దవాడు కాసేపు పిడి బిగించి, చివరికి ఇచ్చేశాడు.

తమ్ముడు ఆ పడిన చెట్టు ఆకులే మూడు కోసి పరిచాడు. అత్త వడ్డించింది. ముగ్గురూ కూర్చుని తిన్నారు.