నల్లతాడు

"ఒసే ఈశ్వరీ! ఇదేటే ఇది?"

త్రినాథ్ వేసిన కేకకి వంటింట్లో గరిటె జారి కింద పడింది. స్నానం చేసి తడితలతో ముందుగదిలోకి వచ్చాడో లేదో, బల్ల మీదున్న కంప్యూటర్ పెట్టెలో, అద్దంలా మెరిసే నీళ్ళ గొట్టానికి నల్లతాడు కట్టి కనిపించింది. పసిపిల్లల మొలకి కట్టే నల్లతాడు! గట్టిగా ముడేసి, కొస పెట్టె అడుగుదాకా వేలాడదీసి మరీ కట్టారు.

"దిష్టితాడు," అంది ఈశ్వరి, పమిటకి చేతులు తుడుచుకుంటూ వచ్చి. "నీ వైర్లు ముట్టుకోలేదులే బావా. అద్దం తలుపు తీసే ఉన్నాది గదా, గొట్టానికి మాత్రం కట్టేను."

"కంప్యూటర్‌కి దిష్టేటే? అవతల నరసింగరావు గారు వచ్చే వేళయిపోయింది. సూస్తే నవ్విపోరా?"

నవ్వితే నవ్వారు గానీ, నిజం చెప్పుకోవాలంటే దిష్టి తగిలేలాగే ఉంది ఆ పెట్టె. త్రినాథ్ సొంతంగా కట్టిన మొట్టమొదటిది మరి! ప్రతి వైరుకీ నల్లటి తొడుగు తొడిగి, చిన్న దువ్వెన పెట్టి ఒక్కొక్కటీ దువ్వి వరస తీర్చాడు. లోపల చిప్పులు వేడెక్కకుండా గొట్టాల్లో నీళ్ళు తిరుగుతాయి. శృంగవరపుకోటలో ఫొటో స్టూడియో ఉన్న నరసింగరావు చేయించుకుంటున్నాడు. వేసవి పెళ్ళిళ్ళ వీడియోలు కలపబోతే ఆయన పాత కంప్యూటరు కాగిపోయి మధ్యలో ఆగిపోతోందట. ఇది నచ్చితే తోటి స్టూడియోల వాళ్ళందరికీ చెప్తానన్నాడు. నచ్చకపోతే త్రినాథ్ గజపతినగరంలో ఎవడి కొట్లోనో పాత ప్రింటర్లు తుడుచుకుంటూ కూర్చోవాల్సిందే.

నిన్న పక్కింటి కూర్మమ్మత్త వచ్చి "ఓలమ్మో, ఎంత సోకుందో!" అని బుగ్గలు నొక్కుకున్నప్పుడే అనుకున్నాడు, పెళ్ళాం ఏదో ఒకటి చేస్తుందని. అనుకున్నంత పనీ చేసింది.

"కత్తెరేదే?"

"ఉండనీ బావా. పాపం, ఒక్క తాడే గదా."

"ఎంత నీటుగా కట్టేనో సూడు. దాని మజ్జిన తాడేటి, దరిద్రంగా!"

ఈశ్వరికి రోషం వచ్చింది. "అవునవును, దాని వైర్లు దువ్వడానికే నీకు పొద్దు సాలదు. నా జడేపు ఎప్పుడైనా సూసేవా? మన ఫ్యాను తిరగడం మానేసి ఎన్నాళ్ళయిందో తెల్సా? ఎండకి ఇంట్లో మనిషి ఉడికిపోతంటే, దానికేమో సల్లటి నీళ్ళు!"

"అది మిషనే! వేడెక్కితే పాడయిపోద్ది."

"నాను మనిషినిలే. ఓర్సుకుంటాను."

కత్తెర తెచ్చి బల్ల మీద టప్పుమని పెట్టింది. త్రినాథ్ దాన్ని అందుకున్నాడు, సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది.

నరసింగరావు భారీ మనిషి. చెమట తుడుచుకుంటూ వచ్చి పెట్టె ముందు కూలబడ్డాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

"బలేగుంది తమ్ముడూ, గీత గీసినట్టున్నాయి వైర్లు. మరి ఈ తాడేటి?"

"అది... మా ఆవిడండీ. ఇప్పుడే తీసేస్తాను."

"తీద్దువులే. ముందు ఆన్ చెయ్యి."

త్రినాథ్ స్విచ్ వేశాడు. గొట్టాల్లో నీళ్ళు కదిలాయి. నరసింగరావు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, ఎవరిదో పెళ్ళి వీడియో ఎక్కించాడు. తలంబ్రాలు ఎక్కడా ఆగకుండా పోస్తున్నారు. ఆయన మొహం చూసి త్రినాథ్‌కి ధైర్యం వచ్చింది. సందు చూసి కత్తెరతో తాడు దగ్గరికి వెళ్ళాడు.

తాడు చేతికి తడిగా తగిలింది.

గబుక్కున స్విచ్ కట్టేశాడు. గొట్టం రవ్వంత వంకరగా ఉందనిపించి పొద్దున్నే ఊడదీసి మళ్ళీ పెట్టాడు. అది తిన్నగా వచ్చిన సంబరంలో మర బిగించడం మర్చిపోయాడు! అక్కణ్ణించి కారిన నీళ్ళు గొట్టం వెంట దిగి, తాడు ముడి దగ్గర ఆగి, తాడంట జారి, పెట్టె అడుగున రేకు మీద పడుతున్నాయి. తాడే లేకపోతే ఆ నీళ్ళు తిన్నగా గ్రాఫిక్స్ కార్డు మీద పడేవి. కార్డుతో పాటు త్రినాథ్ బతుకూ మాడేది.

దాచడానికేముంది, ఎదురుగా కనిపిస్తూనే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

నరసింగరావు వంగి తాడు కొస పట్టి చూశాడు. "మర బిగించు. మళ్ళీ నడిపి సూపించు. నాను కదల్ను."

త్రినాథ్ మర బిగించాడు, తడంతా తుడిచి ఆరబెట్టాడు. ఈశ్వరి మజ్జిగిచ్చింది. మళ్ళీ స్విచ్ వేస్తే, పెళ్ళికూతుర్ని అప్పగింతలు పెట్టేదాకా ఒక్క చుక్క కారలేదు.

"ఇంకేటి, ఆటోలో ఎక్కించు," అన్నాడు నరసింగరావు లేస్తూ. "తాడు మాత్రం తియ్యకు. మా స్టూడియోకొచ్చే జనం కళ్ళు అసలే మంచివి కావు. ఇంకో ఇద్దరు నిన్ను అడగమన్నారు. వాళ్ళకీ తాడు కట్టే ఇయ్యి."

ఆటో మలుపు తిరిగిందో లేదో త్రినాథ్ వంటింట్లోకి ఉరికాడు. ఈశ్వరి రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పాడు. "ఒసే, నా బంగారుతల్లీ! నీ తాడే కాసిందే నన్ను!"

"సాల్లే, వదులు. పులుసు మాడిపోద్ది." మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇకనించి ప్రతి పెట్టెకీ నువ్వే కట్టాల. ఇంతకీ ఆ కూర్మమ్మత్త దిష్టేనా అంత సెడ్డది?"

"పాపం, ఆవిడనేటీ అనకు. ఆవిడ దిష్టికి కాదు."

"మరి ఎవరి దిష్టికే?"

ఈశ్వరి పొయ్యివైపు తిరిగి, పులుసు కలుపుతూ నెమ్మదిగా అంది.

"నాదే బావా."